నాకు బాగుంది, సరే, అది బాగుందా?

“పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి” అని ఒక్క మాట అనేసి తెలుగువాళ్లు ఎన్నో వాదనలకు తెర దించుతారు. ఒకరికి కాకరకాయ వేపుడంటే ప్రాణం, మరొకరికి దాని వాసనే పడదు. ఇందులో తప్పొప్పులేమిటి? జర్మన్ తత్త్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ కూడా 1790లో దాదాపు ఇదే చెప్పాడు. ఆయన ఎంచుకున్న ఉదాహరణ కానరీ దీవుల వైను. అది బాగుందని ఎవరైనా అంటే, ‘నాకు బాగుంది’ అనమని పక్కవాడు సరిదిద్దవచ్చునట. ఒక వస్తువును అందమైనదన్నప్పుడు మనం అందరి ఒప్పుకోలూ ఆశిస్తాం, నాలుక దగ్గర మాత్రం ఎవరి లెక్క వారిదే అన్నది కాంట్ తీర్పు.

అంతకు 33 ఏళ్ల ముందే, 1757లో, స్కాట్లండ్ తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ ఇందుకు అడ్డు తగిలే కథ ఒకటి చెప్పాడు. అది సెర్వాంటెస్ నవల ‘డాన్ కిహోటే’ లోనిది. ఆ నవలలోని పాత్ర సాంకో పాంజా బంధువులు ఇద్దరికి ఒక పీపాలోని వైను రుచి చూపించారు. మంచిదే గానీ కాస్త తోలు వాసన తగులుతోందన్నాడు ఒకాయన. కాదు, ఇనుము రుచి వస్తోందన్నాడు రెండో ఆయన. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పీపా ఖాళీ అయ్యాక అడుగున తోలు వారు కట్టిన ఇనప తాళంచెవి బయటపడింది!

రుచి తెలిసేది మనకే, నిజమే. కానీ దాన్ని పుట్టించే గుణాలు వస్తువులో ఉంటాయన్నది హ్యూమ్ వాదన. వాటిని పట్టుకోవాలంటే మంచి బుద్ధి, సున్నితమైన గ్రహింపు, సాధన, పోల్చి చూసే అలవాటు, ముందే ఒక అభిప్రాయం పెట్టుకోని మనసు కావాలన్నాడు.

రసాయన శాస్త్రం ఇలాంటి తాళంచెవుల్ని చాలానే బయటికి తీసింది. గెవుర్‌స్ట్రామినర్ ద్రాక్షతో చేసిన వైట్ వైన్‌లో లిచీ పండు వాసన వస్తుందని రుచి చూసేవాళ్లు ఎప్పటినుంచో అంటున్నారు. అది కవిత్వం కాదు. సిస్-రోజ్ ఆక్సైడ్ అనే పదార్థం లిచీలోనూ ఉంది, ఆ వైన్‌లోనూ ఉంది. సావిన్యాన్ బ్లాంక్‌లో పచ్చి క్యాప్సికం వాసన వస్తోందంటే, కారణం ఆ రెండింట్లోనూ ఉండే మెథాక్సీపైరజీన్లు. లిచీ వాసన పట్టినవాడూ, పట్టలేనివాడూ ఇద్దరూ సమానంగా ఒప్పే అనలేం.

అయితే నిపుణుడి ముక్కును నమ్మవచ్చా? 2001లో ఫ్రాన్స్‌లోని బోర్డో పరిశోధకులు వైన్ శాస్త్రం చదివే 54 మంది విద్యార్థులకు ఒక వైట్ వైన్ ఇచ్చారు. వాళ్లు దాన్ని లేత రంగు పండ్ల పేర్లతో, తేనె పేరుతో వర్ణించారు. అదే వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, ఎర్రటి, నల్లటి పండ్ల పేర్లు ఏకరువు పెట్టారు. ముక్కు చెప్పాల్సిన మాట కన్ను చెప్పేసింది.

పేరు చేసే మాయ కూడా తక్కువేం కాదు. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే బ్రిటిష్ వ్యాపారి లేబుళ్లు కనబడకుండా పోటీ పెట్టాడు. తీర్పు చెప్పినవాళ్లు ఫ్రెంచివాళ్లు. వైట్ వైన్లలో ఫ్రాన్స్‌లోని బర్గండీవి నాలుగు, కాలిఫోర్నియావి ఆరు. కాలిఫోర్నియా వైను చప్పరించి, మళ్లీ ఫ్రాన్స్‌కు వచ్చాం అన్నట్టు మురిసిపోయినవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. చివరికి మొదటి స్థానం కాలిఫోర్నియాకే చెందిన షాటో మోంటెలీనా 1973 షార్డనేకి దక్కింది. ఇవి హ్యూమ్‌ను ఓడించిన సంఘటనలుగా కనిపిస్తాయి గానీ, ఆయన చివరి షరతు ఎందుకు పెట్టాడో చూపించేవి ఇవే. రంగునూ లేబులునూ దాచేస్తే ముందస్తు అభిప్రాయానికి చోటు తగ్గుతుంది.

ఇక్కడే తిండి వచ్చి ప్రశ్న రూపాన్నే మార్చేస్తుంది. చేపతో వైట్ వైన్ అన్న ఐరోపా ఆచారాన్ని చాలామంది వట్టి ఫ్యాషన్ అనుకుంటారు. 2009లో జపాన్ పరిశోధకులు రకరకాల వైన్లను స్కాలప్ అనే సముద్రపు ఆల్చిప్ప మాంసంతో కలిపి పరీక్షించారు. వైన్‌లో ఇనుము ఎక్కువున్నకొద్దీ నోట్లో నీచు వాసన పెరిగింది. ఆ ఇనుమును కట్టిపడేసే పదార్థం కలిపితే తగ్గింది. ఇనుము సాధారణంగా రెడ్ వైన్లలోనే ఎక్కువ. సాంకో బంధువు నాలుకకు తగిలిన ఇనుము ఇలా ప్రయోగశాలలో మళ్లీ తేలిందన్నమాట.

మిగతా జతలకూ ఇలాగే కారణాలున్నాయి. పుల్లటి షాబ్లీ వైను ఆయిస్టర్ల ఉప్పదనం మీద నిమ్మకాయ పిండినట్టు పనిచేస్తుంది. గుంటూరు కారం ఘాటున్న కూర పక్కన ఆల్కహాల్ ఎక్కువున్న వైను పెడితే మంట ఇంకా పెరుగుతుంది. ఆల్కహాల్ తక్కువగా, కాస్త తీపిగా ఉండే మోజెల్ రీస్లింగ్ పెడితే మంట సర్దుకుంటుంది. ఉత్తగా తాగితే మరీ తియ్యగా తోచే సోటెర్న్ వైను, ఉప్పటి రోక్‌ఫోర్ చీజ్ పక్కన చక్కగా అమరుతుంది.

అంటే ‘ఈ వైను మంచిదా?’ అన్న ప్రశ్నే సగం ప్రశ్న. దేనితో, ఎవరికి అని కూడా అడగాలి. మంచితనం గ్లాసులోనే లేదు, నాలుక మీదే లేదు, కలయికలో ఉంది. నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో భరతుడు రసాన్ని వివరించడానికి భోజనాన్నే ఉదాహరణగా తీసుకున్నాడు. రకరకాల వ్యంజనాలు కలిస్తేనే ఆస్వాదన. దాన్ని అందుకునే మంచి మనసూ ఉండాలి.

పండ్ల వైన్ల మీద చిన్నచూపు కూడా ఈ కళ్లతో చూస్తే నిలవదు. ఐరోపా చట్టం ప్రకారం ఉత్తి ‘వైన్’ అనే పేరు ద్రాక్షకే సొంతం. అది పేరు మీద హక్కే గానీ రుచి మీద తీర్పు కాదు. బ్రిటనీలో గోధుమ రంగు గాలెట్ అట్లతో ఆపిల్ సైడర్ తాగుతారు, దాని పులుపు ఆపిల్‌లోని మాలిక్ ఆమ్లం నుంచి వస్తుంది. మన దగ్గరా చరక సంహిత పులియబెట్టి చేసే 84 ఆసవాలను లెక్కపెట్టింది, అందులో పండ్లతో చేసేవే 26.

ఒక అభ్యంతరం మాత్రం గట్టిది. 1931లో ఆర్థర్ ఫాక్స్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో పీటీసీ అనే పొడి గాలిలోకి లేచినప్పుడు, సహోద్యోగి చేదన్నాడు, ఫాక్స్‌కు ఏమీ తెలియలేదు. ఆ తేడా జన్యువులదని తర్వాత రుజువైంది. నాలుకలు నిజంగానే వేర్వేరు. అందుకే కాంట్ మాటలో కొంత నిజం మిగిలే ఉంటుంది. కానీ నచ్చిందో లేదో చెప్పే హక్కు ఉన్నంత మాత్రాన, ఏముందో కనిపెట్టడంలో పొరబడే అవకాశం పోదు.

వైను ముట్టనివారు ఈ పరీక్షను రెండు రకాల మామిడిపండ్లతోనో, రెండు కాఫీ పొడులతోనో చేసుకోవచ్చు. పేర్లు దాచండి, పక్కన తిండి మార్చి చూడండి, ఒకరి మాట ఒకరు వినకముందే తోచింది కాగితం మీద రాసుకోండి. వాదన ఆ తర్వాత మొదలుపెట్టండి.