అంగడిలో అహింస

జైన వర్తకుని ఇంటిలో అహింస మిక్కిలి శ్రద్ధతో పాలింపబడుచున్నది. నీరు వడకట్టి, కాచి త్రాగుదురు. పొయ్యి రాజేయుటకు ముందు చీమ గాని పురుగు గాని చేరినదేమో చూచెదరు. కందమూలములు వంటింటి గడప దాటవు. సూర్యాస్తమయమునకు ముందే భోజనములు ముగియును. తాతముత్తాతల నాటినుండి వచ్చిన ఈ నియమములవలన దేహమునకు ఆరోగ్యము, మనస్సునకు నిగ్రహము, సంఘములో గౌరవము కలిగినవి. చెన్నపట్టణములో స్థిరపడిన కుటుంబమైనను, బెంగుళూరులోనో బరంపురములోనో యానాములోనో ఉన్న కుటుంబమైనను, ఊరు మారినను నియమము మారలేదు. ఇది గర్వింపదగిన విషయమే. అయితే ఇంటిలో ఇంత జాగ్రత్తగా కాపాడిన అహింస ప్రతిదినము ఉదయము యజమానితోపాటు అంగడికి వచ్చుచున్నదా, ఇంటియొద్దనే ఆగిపోవుచున్నదా అను ప్రశ్న విచారింపదగినది.

ఒక బట్టల కొట్టును ఊహింపుడు. దీపావళి దగ్గర పడినది. సాయంకాలము అయిదు గంటలు దాటినది. యజమాని గల్లాపెట్టె తాళము కుమారునకు అప్పగించి, ప్రొద్దు క్రుంకకముందే భోజనము చేయుటకై ఇంటికి బయలుదేరినాడు. ఆయన నియమము మెచ్చదగినది. అదే సమయమున గుమాస్తా ఇరువదియవ చీరె విప్పి కొనుగోలుదారునకు చూపుచున్నాడు. ఉదయము తొమ్మిదిన్నరకు నిలుచున్నవాడు మధ్యాహ్నము అరగంట తప్ప కూర్చుండలేదు. రాత్రి పది గంటలకు కొట్టు మూసి, విప్పిన చీరెలన్నియు మడచి బీరువాలలో సర్ది, బస్సు పట్టుకొని ఇల్లు చేరి, పదకొండు గంటలకు అన్నము ముందు కూర్చుండును. తిన్నది అరుగకముందే పడుకొనును. మరల తెల్లవారి అదే పరుగు.

ఇచట ఒక చిక్కు కలదు. యజమాని రాత్రిభోజన త్యాగము చేసినాడు. కాని ఆయన ఇంటికి పోయినప్పుడు కొట్టు నడచుటకు మరియొకడు రాత్రి భోజనము చేయవలసి వచ్చినది. ఒకని వ్రతము మరియొకని ఆకలిమీద ఆధారపడియున్నప్పుడు ఆ వ్రతము సంపూర్ణమగునా?

ఈ ప్రశ్నకు శాస్త్రమునందే సమాధానము దొరకును. ఉపాసకదశాంగ సూత్రములో వాణిజ్యగ్రామ నివాసియైన ఆనందుడను గృహస్థు మహావీరస్వామి సన్నిధిని పండ్రెండు వ్రతములు స్వీకరించిన కథ కలదు. ఆనందుడు మహాధనికుడు, వడ్డీ వ్యాపారము, భూములు, ఆలమందలు, బండ్లు, ఓడలు కలవాడు. అతడు హింసను మానెదనని చెప్పుటలో తాను చేయననియు, ఇతరులచే చేయింపననియు, మనోవాక్కాయములు మూడింటను ఈ రెండింటిని పాటింతుననియు వ్రతము పట్టినాడు. నేటికిని శ్రావకుడు పట్టు వ్రతముల స్వరూపమిదియే. చేయకుండుట ఒక సగము, చేయింపకుండుట రెండవ సగము. ఇంటిలో మొదటి సగము చక్కగా నెరవేరుచున్నది. రెండవ సగమునకు పరీక్షాస్థలము అంగడియే; ఏలయన ఇతరులచే పని చేయించు చోటు అదియే. "పనివేళలు మేనేజరు నిర్ణయించినాడు, నాకు తెలియదు" అని యజమాని తప్పించుకొనుటకు ఈ వ్రతమునందు త్రోవ లేదు.

తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయమునందు అహింసాణువ్రతమునకు అయిదు అతిచారములు చెప్పబడినవి. కట్టివేయుట, కొట్టుట, అవయవములను కోయుట, మోయగలిగినదానికి మించి బరువు వేయుట, వేళకు అన్నపానములు అందకుండ అడ్డుట. వీనిని విన్నంతనే ఎద్దులు, గుఱ్ఱములు, బండ్లు మనస్సునకు వచ్చును. బండ్లు పోయినవి, కొట్టుడు పోయినది, కావున అతిచారములు కూడ పోయినవని తలచుట సులభము. కాని చివరి రెండింటిని మరల చదువవలెను. అధిక భారము వేయుట, అన్నపానములను నిరోధించుట. పండ్రెండు గంటలు నిలువబెట్టుట అధిక భారము కాదా? త్రాగిన నీటికి మరుగుదొడ్డి లేనందున దప్పికను అణచుకొని ప్రొద్దు పుచ్చు స్త్రీకి జలపానమును నిరోధించినట్లు కాదా? ఎద్దునకు నోరు లేదు. గుమాస్తాకు నోరున్నను, పని పోవునను భయము ఆ నోటిని మూయుచున్నది. ఈ రెండింటికిని భేదము స్వల్పము.

దేహము ఈ విషయమున అబద్ధమాడదు. ఏండ్ల తరబడి కదలక నిలుచుండువారికి కాళ్లలోని సిరలు ఉబ్బును, పాదములు వాచును, నడుము పట్టుకొనును. నీరు త్రాగనివారికి మూత్రసంబంధమైన వ్యాధులు వచ్చును. ఈ సంగతి లోకమునకు క్రొత్త కాదు. ఇంగ్లండులో 1899లోనే దుకాణములలో పనిచేయు స్త్రీలు ముగ్గురికి ఒక ఆసనము చొప్పున ఉండవలెనని చట్టము చేసిరి. చెన్నరాష్ట్రపు 1947 నాటి దుకాణముల చట్టము రోజునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు అని పనికి హద్దు పెట్టి, 4 గంటల పని తరువాత ఒక గంట విరామము ఉండవలెనని విధించినది. అయినను కూర్చుండుట అను చిన్న విషయము మాత్రము బహుకాలము ఎవరికిని పట్టలేదు. కేరళలో వస్త్రదుకాణముల స్త్రీలు కొన్ని సంవత్సరములు పోరాడిన పిమ్మట 2018లో ఆ రాష్ట్రము చట్టమును సవరించి కూర్చుండు హక్కును ఇచ్చినది. తమిళనాడు 2021లో అట్టి సవరణనే చేసినది. పనిలో తీరిక చిక్కినప్పుడు కూర్చుండుటకు ప్రతి పనివానికి ఆసనము ఉండవలెనని దాని సారాంశము. చీమను త్రొక్కుదుమేమోయని నేల చూచి నడచు సంఘమునకు, ఒక మనిషికి పీట వేయుమని శాసనసభ చెప్పవలసి వచ్చుట ఆలోచింపదగిన విషయము.

ఇక అలవాట్ల మాట. గుమాస్తాల దురలవాట్లను గూర్చి యజమానులు తరచుగా విచారింతురు. బీడీ త్రాగుదురు, గంటకొక టీ పుచ్చుకొందురు, పాన్ మసాలా నములుదురు, వచ్చిన జీతమును నిలువ చేయరు అని చెప్పుకొందురు. ఇందులో అసత్యము లేదు. కాని కొట్టులో ఒక దినము నిలిచి చూచినచో మరియొక సంగతి తెలియును. ఊరక అయిదు నిమిషములు కూర్చుండెదనని గుమాస్తా అడుగలేడు. అడిగినచో సోమరి అనిపించుకొనును. "ఒక టీ త్రాగి వచ్చెదను" అనవచ్చును. బీడీకి బయటకు పోవచ్చును. అనగా ఆ కొట్టులో విశ్రాంతికి ఉన్న ద్వారము బీడీ ఒక్కటియే. కాళ్లకు కావలసిన విశ్రాంతిని ఊపిరితిత్తులు చెల్లించి కొనుచున్నవి. బీడీ మానుమని ఉపదేశించి కూర్చుండుటకు చోటియ్యనివాడు, బావి పూడ్చి దప్పిక మానుమన్నట్లే.

యజమాని దేహము మాత్రము సుఖముగా ఉన్నదా? అదియు లేదు. గద్దెమీద ఉదయము కూర్చున్నవాడు రాత్రివరకు లేవడు. నేతి మిఠాయిలు అతిథులతోపాటు ఆయనయు పుచ్చుకొనవలెను. నలుబది యేండ్లు దాటునప్పటికి చక్కెర వ్యాధి, రక్తపు పోటు, మోకాళ్ల నొప్పులు. ఒకే కప్పు క్రింద ఒకడు కూర్చుండి కూర్చుండి, మరియొకడు నిలుచుండి నిలుచుండి జబ్బుపడుచున్నారు. వైద్యుడు ప్రతిదినము ఒక గంట నడువుమనును. యజమాని మూడు దినములు నడచి నాలుగవ దినము మానును. "వ్యాపారము అట్టిది, ఏమి చేయుదును" అనును. తన అలవాటు విషయములో వ్యాపారమును నిందించువాడు గుమాస్తా అలవాటు విషయములో గుమాస్తానే నిందించును.

ఈ ద్వంద్వమునకు ఉపాసకదశాంగములోనే ఒక చక్కని కథ కలదు. పోలాసపురములో సద్దాలపుత్తుడను కుమ్మరి ఉండెను. అతనికి ఊరి వెలుపల అయిదు వందల అంగళ్లు. వానిలో అనేకులు కూలియు భోజనమును పొంది పనిచేయుచుండిరి. అతడు ఆజీవిక మతస్థుడు. జరుగవలసినదంతయు నియతిచే ముందే నిర్ణయింపబడినది, ప్రయత్నము వ్యర్థము అని అతని విశ్వాసము. ఒకనాడు అతడు కుండలు ఎండబెట్టుచుండగా మహావీరస్వామి, ఈ కుండలు ప్రయత్నమువలన అయినవా, ప్రయత్నము లేకయే అయినవా అని అడిగెను. ప్రయత్నము లేకయే, అంతయు నియతము అని సద్దాలపుత్తుడు బదులు చెప్పెను. అయినచో నీ పనివారిలో ఎవడైన ఈ కుండలు దొంగిలించినను పగులగొట్టినను, నీ భార్యయెడ దుష్ప్రవర్తన చేసినను ఏమి చేయుదువు అని స్వామి మరల అడిగెను. తిట్టుదును, కొట్టుదును అని అతడు చెప్పెను. అంతయు నియతమైనప్పుడు వానిని శిక్షించుట ఎట్లు న్యాయమని స్వామి ప్రశ్నించగా సద్దాలపుత్తునకు కనువిప్పు కలిగెను.

ఈ కథ అయిదు వందల అంగళ్ల యజమానిని గూర్చినదగుట గమనింపదగినది. తన కుండలు పగిలినప్పుడు పనివాని పురుషకారమును, తన సిద్ధాంతము చెప్పునప్పుడు నియతిని అతడు నమ్మెను. నేటి వర్తకుడు ఆజీవికుడు కాడు. కాని పనివేళలను గూర్చి అడిగినప్పుడు "బజారు ఆచారము, పోటీ, కాలము" అని నియతివాదము చెప్పి, గుమాస్తా బీడీని గూర్చి మాటలాడునప్పుడు పురుషకారమును బోధించినచో సద్దాలపుత్తుని స్థానమున నిలిచినట్లే. ప్రయత్నముచే మనిషి మారగలడని నమ్మినచో, కొట్టు కూడ ప్రయత్నముచే మారగలదని నమ్మవలెను.

పోటీ విషయము మాత్రము తేలికగా త్రోసివేయరాదు. ఎదుటి కొట్టు రాత్రి పది గంటలవరకు తెరచియుండగా ఒక్క కొట్టు ఎనిమిదింటికి మూసినచో బేరము ఎదుటివానికి పోవుట నిజము. చిన్న వర్తకునికి అది భరింపరాని నష్టము కావచ్చును. గుమాస్తాలలోను కొందరు ఎక్కువ గంటలు పనిచేసి ఎక్కువ సంపాదింపగోరుదురు. కాని వారమునకు ఒక దినము సెలవు ఇయ్యవలెనని 1942లో చట్టము వచ్చినప్పుడును ఈ ఆక్షేపణకు అవకాశము ఉండినది. అందరును మూసినప్పుడు ఎవరి బేరమును ఎక్కడికిని పోలేదు. వీధిలోని వర్తకులు ఒకచోట చేరి వేళలు నిర్ణయించుకొనుట సంఘముచే సాధ్యమగు పని. అంతవరకును ఒక్కరే చేయగల పనులు అనేకము కలవు. పీట వేయుటకు, త్రాగునీరు ఉంచుటకు, మరుగుదొడ్డి శుభ్రముగా ఉంచుటకు, సాయంకాలము ఆరు గంటలకు వంతులు వేసి అరగంట భోజనమునకు పంపుటకు ఎదుటి కొట్టు అనుమతి అక్కరలేదు.

అలవాటును మార్చుటకు పూర్వులు చూపిన మార్గము చిన్న వ్రతము. సామాయికము, దేశావకాశికము, పోషధోపవాసము, అతిథిసంవిభాగము అను నాలుగింటికి శిక్షావ్రతములని పేరు. శిక్ష యనగా ఇచట దండనము కాదు, అభ్యాసము. సామాయికమునకు నియమించిన కాలము రెండు ఘడియలు, అనగా 48 నిమిషములు. జీవితమంతయు సమభావముతో ఉండుమని ఎవరును మొదటనే కోరలేదు. 48 నిమిషములు ఉండుమనిరి. మరునాడు మరల ఉండుమనిరి. తప్పినచో సాయంకాల ప్రతిక్రమణములో ఒప్పుకొని మరల మొదలుపెట్టుమనిరి. 1949లో ఆచార్య తులసి ప్రారంభించిన అణువ్రత ఉద్యమము కూడ ఈ చిన్న వ్రతముల బలమునే నమ్ముకొన్నది.

ఈ పద్ధతి గద్దెకును కౌంటరునకును సమానముగా పనికివచ్చును. యజమాని నేను రేపటినుండి గంట నడచెదనని కాక, కొట్టు తెరచిన పిమ్మట పది నిమిషములు గద్దె దిగి నిలుతునని వ్రతము పట్టవచ్చును. ఆ పది నిమిషములు గుమాస్తా పీటమీద కూర్చుండి పద్దు వ్రాయవచ్చును. గుమాస్తా బీడీని ఒక్కసారిగా మానలేకపోవచ్చును. మధ్యాహ్నపు బీడీకి బదులు మజ్జిగ త్రాగి కూర్చుండుటతో మొదలుపెట్టవచ్చును. ఇద్దరిలో ఎవరు తప్పినను రెండవవాడు నవ్వరాదు. అలవాటుతో పెనుగులాట ఎంత కష్టమో యజమాని తన నడకతో తెలిసికొన్నప్పుడు గుమాస్తా బీడీమీద కోపము తగ్గును. అపుడు "కాసేపు కూర్చోవయ్యా" అను మాట యజమాని నోట సహజముగా వచ్చును. ఆ మాటకు పెట్టుబడి అక్కరలేదు. కాని ఆ మాట రాని కొట్టులో చట్టము ప్రకారము వేసిన పీట కూడ మూలనే పడియుండును. కొనుగోలుదారు చూచుచుండగా కూర్చుండుటకు గుమాస్తా జంకును.

పర్యుషణము ముగిసినప్పుడు క్షమాపణ దినమున వర్తకులు దూరపు బంధువులకు, వ్యాపార మిత్రులకు క్షమాపణ లేఖలు వ్రాయుదురు. సంవత్సరమునందు ఒక్కసారియు కంటబడనివారిని క్షమింపుమని అడుగుదురు. ప్రతిదినము పదిగంటలు ఎదుట నిలుచున్నవానిని అడుగుట మరతురు. వానిని అడుగుట కష్టము. ఏలయన అడిగిన మరునాడు అతడు మరల అక్కడనే నిలుచుండును, ఏమి మారినదో చూచును. అందుచేతనే ఆ క్షమాపణకు విలువ ఎక్కువ.

మహావీరస్వామి నిర్వాణము పొందిన దీపావళినాడు క్రొత్త ఆవర్జాలు తెరచి పూజింతురు. లాభనష్టములు అన్నియు అందులోకి ఎక్కును. జీతముల పద్దును ఎక్కును. గుమాస్తా ఎన్ని గంటలు నిలుచున్నాడో, ఎన్ని రాత్రులు పదకొండింటికి తిన్నాడో ఆ పుస్తకములో ఎక్కదు. ఆ లెక్కను కూడ చూచుకొన్న వర్తకునికే రాత్రిభోజన త్యాగము పూర్తిగా సొంతమగును.