శోకము – ఆతిథ్యము

జీవిత సహచరుని గాని, సహచరిని గాని కోల్పోయినవారికి లోకము మునుపటి లోకము కాదు. ఇల్లు ఉన్నది, ఇంటిలోని వస్తువులన్నియు తమ తమ స్థానములలోనే ఉన్నవి. కాని వానికన్నింటికిని అర్థము కల్పించిన మనిషి మాత్రము లేడు. ఉదయమున ఎవరిని పలుకరింపవలెనో, సాయంకాలమున ఎవరి రాకకై ఎదురుచూడవలెనో తెలియక దినములు గడచును. అట్టి స్థితిలో కొందరు ఇల్లు విడిచి దూరదేశములకు పయనమగుదురు. అచ్చట ముక్కుమొగ మెరుగని కుటుంబములు వారిని చేరదీసి, పీట వేసి, అన్నము పెట్టి, తమవారినిగా చూచుకొనుటయు లోకమున జరుగుచునే యున్నది.

ఈ సామాన్య విషయమున ధర్మజిజ్ఞాసకు తగిన ప్రశ్నలు మూడు ఇమిడియున్నవి. ఇట్టి పయనము శోకమునుండి పారిపోవుట యగునా? పరాయి ఇంటి ఆదరముచే మనస్సు తేరుకొనుట, గతించినవారి యెడల ద్రోహమగునా? చేరదీసిన ఇంటికి ఆ శోకార్తుడు ఈయవలసిన దేమైన కలదా? ఈ ప్రశ్నలు పండితులకు మాత్రమే సంబంధించినవి కావు. భర్త గతించిన యేడాదికి తొలిసారి నవ్విన స్త్రీ, ఆ నవ్వు విని తానే ఉలికిపడినప్పుడు, ఈ ప్రశ్నలే ఆమె హృదయమున మెదలును.

అతిథిధర్మమును గూర్చి శాస్త్రములు విరివిగా చెప్పినవి. తిథి నియమము లేక వచ్చువాడు అతిథి. అతనిని దైవముగా భావింపుమని తైత్తిరీయోపనిషత్తు గురుకులము వీడి గృహస్థుడు కాబోవు శిష్యునకు ఆదేశించినది. కాని ఆదేశమంతయు ఆతిథ్యమిచ్చు గృహస్థునకే. పుచ్చుకొను అతిథి ధర్మమేమి? అందును దుఃఖభారముతో వచ్చిన అతిథి ధర్మమేమి? ఈ ప్రశ్నకు సమాధానము సూత్రరూపమున గాక కథారూపమున మహాభారతము ఆదిపర్వమునందు లభించుచున్నది. నన్నయ తెనిగించిన భాగమే గనుక ఆంధ్రపాఠకులకు అది చిరపరిచితము.

పాండురాజు గతించిన పిదప కుంతి తన కుమారులతో హస్తినాపురము చేరెను. అక్కడను నిలువ నీడ దక్కలేదు. లక్క యిల్లు దగ్ధమైన తరువాత అడవులు దాటి, వ్యాసుడు చూపిన త్రోవను ఏకచక్రపురము చేరి, ఒక బ్రాహ్మణుని యింట తలదాచుకొనెను. రాచబిడ్డయై, రాజపత్నియై, ఇప్పుడు కుమారులు భిక్షమెత్తి తెచ్చిన అన్నమును పంచి పెట్టుచున్న స్త్రీ ఆమె. తన దుఃఖమును తాను తలచుకొని కూర్చుండుటకు ఆమెకంటె హక్కు గలవారెవ్వరు? అయినను ఒకనాడు గోడ అవతలనుండి రోదనము వినబడగా, ఆమె లేచి వెళ్ళెను.

ఆ యింటి వంతు వచ్చినది. బకాసురునకు బండెడు అన్నముతోపాటు ఇంటి మనిషి యొకడు ఆహారముగా పోవలెను. తండ్రి తాను పోదుననుచున్నాడు; తల్లి తాను పోదుననుచున్నది; కుమార్తె తానే పోదుననుచున్నది; మాటలు సరిగా రాని బాలుడు పుల్ల చేతబట్టి రాక్షసుని చంపుదుననుచున్నాడు. ఇంత దుఃఖమును గృహస్థుడు అతిథికి చెప్పలేదు. అతిథిని కలతపెట్టరాదన్నది అతని ధర్మము. చెప్పకున్నను వినుట అతిథి ధర్మము. తనకు ఐదుగురు కుమారులు కలరనియు, వారిలో నొకడు వెళ్ళుననియు కుంతి పలుకగా బ్రాహ్మణుడు అంగీకరింపలేదు. తన ప్రాణమునకై అతిథిని బలిపెట్టుట పాపమని వారించెను. కుమారుని బలమును ఎరిగింపగా చివరకు సమ్మతించెను. పిమ్మట ధర్మరాజు ఈ సాహసమునకు తల్లిని ఆక్షేపింపగా, పొందిన మేలును మరువకుండుటయే మానవత్వమనియు, పొందినదానికంటె అధికముగా తిరిగి చేయవలెననియు ఆమె సమాధాన మిచ్చెను.

ఈ కథలో భీముని పరాక్రమమునే బాలురు జ్ఞాపకముంచుకొందురు. కాని దాని మూలము ఒక వితంతువు చెవిలో నున్నది. స్వీయశోకము ఆమె చెవిని మూయలేదు, తెరచినది.

ఇది ద్వాపరయుగ గాథ యని తలచువారికి ఇటీవలి చరిత్రయందును ఉదాహరణములు కలవు. సారా బుల్ అను అమెరికా వనిత 1850లో జన్మించెను. నార్వే దేశపు ప్రఖ్యాత వాయులీన విద్వాంసుడగు ఓలే బుల్‌ను 1870లో వివాహమాడెను. అతడు ఆమెకంటె 40 ఏండ్లు పెద్దవాడు. 1880 ఆగష్టులో బెర్గెన్ నగర సమీపమున ఒక ద్వీపమునందలి తన గృహమున అతడు గతించెను. అప్పటికి ఆమెకు 30 ఏండ్లు. ఒక చిన్న కుమార్తె. ఆమె భర్త జీవితచరిత్రను రచించి ప్రకటించెను. మసాచుసెట్స్ రాష్ట్రమందలి కేంబ్రిడ్జి పట్టణమున తన యింటి ద్వారములను విద్వాంసులకును, జిజ్ఞాసువులకును తెరచియుంచెను. ఆ ద్వారముననే 1894లో భారతదేశమునుండి వచ్చిన వివేకానందస్వామి అతిథిగా ప్రవేశించిరి. ఆమె గాంభీర్యమును చూచి స్వామి ఆమెను ‘ధీరామాత’ యని పిలిచిరి.

ఆతిథ్యమిచ్చిన ఆమెయే 1898లో అతిథియై భారతదేశమునకు వచ్చెను. ఆ సంవత్సరము మార్చి 17వ తేదీన ఆమెయు, జోసెఫిన్ మెక్లౌడ్, మార్గరెట్ నోబుల్ అను మరి ఇద్దరును కలకత్తాలో శ్రీ శారదాదేవిని దర్శించిరి. ఆనాటి పరిస్థితిని తలచుకొనిన గాని ఈ సంఘటనలోని విశేషము బోధపడదు. శారదాదేవి పల్లెయందు పుట్టి పెరిగిన బ్రాహ్మణ వితంతువు. కఠినమైన ఆచారమున మెలగినవారు. వచ్చినవారు సముద్రము దాటి వచ్చిన విదేశీయులు. ఒకరి భాష మరియొకరికి రాదు. అట్టివారిని శారదాదేవి కుమార్తెలని సంబోధించి, దగ్గర కూర్చుండబెట్టుకొని, వారితో కలసి ఆహారము స్వీకరించిరి. అప్పటివరకు ఊహింపనైన సాధ్యము కాని యీ విషయమును వివేకానందస్వామి మదరాసులోనున్న గురుభ్రాత రామకృష్ణానందస్వామికి మహానందముతో లేఖ వ్రాసి తెలిపిరి. కొలది దినములకే నివేదితయైన మార్గరెట్, ఆ భోజనమే తమకు ఈ సమాజమున గౌరవస్థానము కల్పించినదని గుర్తించెను.

ఆచారనిష్ఠగల హృదయము ఇంత సులభముగా ఎట్లు విచ్చుకొన్నది? దయ యని ఒక మాటలో చెప్పవచ్చును. కాని ఆ దయ వెనుక ఒక అనుభవము కలదు. 1886 ఆగష్టులో భర్త దేహత్యాగమొనర్చిన పిదప కొలది దినములకే శారదాదేవియు ఇల్లు విడిచి బృందావనమునకు పయనమై, సుమారు ఒక యేడాది యాత్రయందు గడపిరి. అచ్చట బలరామబోసు కుటుంబమువారి మందిరగృహము వారికి నివాసమైనది. తరువాత అత్తవారి ఊరగు కామార్పుకూరులో కటిక దారిద్ర్యమును, చేతి కంకణములు తీయనందుకు ఇరుగుపొరుగుల నిందలను సహించిరి. ఇంటికి దూరమైన శోకము ఎట్టిదో, పరాయి కప్పు క్రింద లభించిన నీడ ఎట్టిదో వారెరుగుదురు. కావున ఆనాడు కలకత్తాలో ఎదురుపడినవారు తూర్పు పడమరలు కావు. భర్తను కోల్పోయి యాత్రకు బయలుదేరిన ఇద్దరు స్త్రీలు. వారిరువురకును భాష అక్కరలేకపోయినది.

అతిథి ఏమి తిరిగి ఇచ్చెను? సారా బుల్ ధనవంతురాలు. ధనమును ఉదారముగనే ఇచ్చెను. కాని దానికంటె మిన్నయైన ఈవి యొకటి కలదు. అదే సంవత్సరము నవంబరులో ఆమె శారదాదేవిని ఛాయాచిత్రమునకై ఒప్పించెను. పరపురుషుల యెదుట ముసుగు తొలగింపని ఆ తల్లి మొదట ఎంతమాత్రమును అంగీకరింపలేదు; దూరదేశమునకు తిరిగిపోవు బిడ్డ తల్లి రూపమును వెంట తీసికొనిపోగోరుచున్నదని తెలిసి చివరకు సమ్మతించిరి. నేడు అసంఖ్యాక గృహములయందు పూజలందుకొనుచున్న చిత్రము ఆనాడు తీసినదే. అతిథి తనకై కోరినది లోకమునకు దక్కినది.

ఆతిథ్యమునకు సంపద అవసరమను అపోహను తొలగించు దృష్టాంతము మరియొకటి కలదు. నివేదిత, ఆమెతోడి కొందరు ఒక పున్నమి రాత్రి పడవపై గంగలో పయనించి కామార్హాటీ యందలి వృద్ధతపస్వినియగు గోపాలునిమాతను చూడబోయిరి. ఆమె బాల్యముననే వైధవ్యము పొంది, జీవితమంతయు జపముననే గడపిన స్త్రీ. ఆ గదిలో మంచము లేదు; రాతినేలయే పడక. అటకమీది చాప దించి పరచి కూర్చుండబెట్టెను. ఇంటి కప్పునుండి ఉట్టిలో వ్రేలాడుచున్న మట్టికుండ దించి, అందులోని పేలాలును, కలకండయు పెట్టెను. ఆమెకున్న సంపద అంతయు అదియే. అటువంటి ఆమె తన కడపటి కాలమున నివేదిత యింటనే ఆశ్రయము పొంది, 1906లో గంగాతీరమున తనువు చాలించెను. పెట్టిన చేయి పుచ్చుకొన్నది. పుచ్చుకొన్న చేయి పెట్టినది.

కొందరికి యాత్రామధ్యముననే వియోగము సంభవించును. సేవియర్ దంపతులు ఇంగ్లండు విడిచి వచ్చి, 1899లో హిమాలయములందలి మాయావతిలో అద్వైతాశ్రమమును స్థాపించిరి. 1900 అక్టోబరు 28న సేవియర్ అచ్చటనే మరణించెను. ఆ కొండవాసులగు బ్రాహ్మణులే అతని దేహమును మోసికొనిపోయి, పూలమాలలతో అలంకరించి, వేదఘోషతో నదీతీరమున దహనసంస్కారము జరిపిరి. విదేశీయుని కళేబరమును భుజమున మోయుటకు మించిన ఆతిథ్య మేది? అతని భార్య స్వదేశమునకు మరలిపోయి అచ్చటనే ఉండిపోయిన ఎవరును తప్పుపట్టెడివారు కారు. కాని ఆమె పెక్కు సంవత్సరములు ఆ కొండలయందే తన జీవితమును గడపి, అందరిచేతను ‘అమ్మ’ యని పిలువబడెను. సంతానము లేని ఆ స్త్రీకి భర్త చితాభస్మము కలిసిన నేల మీదనే మాతృత్వము లభించినది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సమాధానము స్పష్టమగుచున్నది. శోకార్తుని పయనము పలాయనమా, యాత్రయా అనునది అతడు దాటిన దూరమును బట్టి తెలియదు. పలాయనమైనచో అతడు ఎన్ని సముద్రములు దాటినను తన దుఃఖమును మాత్రమే వినును. ఆశ్రయమిచ్చిన ఇంటివారి నవ్వు అతనికి అపహాస్యముగను, వారి మౌనము ఉపేక్షగను తోచును. యాత్రయైనచో గోడ అవతలి రోదనము వినబడును. ఇంతకంటె వేరు పరీక్ష లేదు.

రెండవ ప్రశ్న కష్టతరమైనది. పరాయివారి ప్రేమచే ఊరట పొందినచో, గతించినవారిని మరచినట్లగునా? దీనికి ఉపనిషత్తు చెప్పిన సమాధానము గంభీరమైనది. యాజ్ఞవల్క్యుడు సన్న్యసింపనెంచి, ఆస్తిని పంచబూనినప్పుడు మైత్రేయి ధనమును కాదని అమృతత్వమును కోరినది. భర్తను కోల్పోనున్న స్త్రీకి ఆ భర్తయే చేసిన ఉపదేశ మది, ఇది గమనింపదగినది. భర్త భర్తయైనందున ప్రియుడు కాడనియు, ఆత్మ కొరకే ప్రియుడగుచున్నాడనియు ఆ ఉపదేశ సారము. ఇది స్వార్థబోధ కాదు. ప్రియుని ముఖమున వెలిగినది ఏ వెలుగో, ఆ వెలుగు ఆ ముఖమునకే పరిమితము కాదని భావము. ఒక గవాక్షము మూతపడినది; సూర్యుడు అస్తమింపలేదు. దూరదేశమున ఎవరో ఒక తల్లి ‘బిడ్డా’ యని పిలిచినప్పుడు హృదయము చెమర్చినచో, అది పాత ప్రేమకు ద్రోహము కాదు. ఆ ప్రేమ నేర్పిన పాఠమునకు ఫలము. ఒకరిని నిజముగా ప్రేమించినవారే మరియొకరి ప్రేమను గుర్తింపగలరు.

అయినను ఈ తత్త్వము ఎదుటివారి శోకమును త్రోసిపుచ్చుటకు సాధనము కారాదు. ఏడ్చుచున్నవారికి వేదాంతము చెప్పుట సులభము. పీట వేసి అన్నము పెట్టుట కష్టము. శారదాదేవి ఆనాడు తత్త్వోపన్యాస మేదియు చేయలేదు. కలసి భుజించిరి, అంతియే.

మూడవ ప్రశ్నకు కుంతి ముందే సమాధాన మిచ్చినది. కేవలము పుచ్చుకొనుచు కూర్చున్నవాని శోకము ఎన్నటికిని మానదు. జాలి అతనిని మరింత దీనుని జేయును. అతడును ఈయదగిన దొకటి తనయందు కలదని గుర్తించిన గృహమే నిజమైన ఆతిథ్య గృహము. కూరలు తరుగుట, బాలునకు కథ చెప్పుట, రోగి ప్రక్కన రాత్రి మేలుకొని యుండుట — ఏదైనను సరియే. శోకార్తునకు పని నిచ్చుట కాఠిన్యము కాదు, గౌరవము.

చివరకు ఒక మాట మిగిలియున్నది. అది దూరదేశమును గూర్చినది కాదు. సముద్రము దాటి వచ్చిన వితంతువులను తల్లులని ఆదరించిన ఈ దేశమే, ఇంటిలో పుట్టిన వితంతువును మూల కూర్చుండబెట్టినది. ప్రయాణమునకు బయలుదేరువేళ ఆమె ఎదురైన అపశకునమని వెనుదిరిగినది. పునర్వివాహమునకు 1856లోనే శాసనము అనుమతి నిచ్చినను, తెలుగునాట తొలి వితంతు వివాహమును 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున జరిపించుటకు వీరేశలింగము పంతులు ఎంతటి బహిష్కారమును ఎదుర్కొనవలసి వచ్చెనో జగద్విదితము. కాలము మారినది. అయినను పెండ్లిపందిరిలో అక్షతలు చేతబట్టుటకు జంకి, స్తంభము వెనుక నిలుచు అక్కయు, అత్తయు నేటికిని లేకపోలేదు. ఆమె ఏ సముద్రమును దాటలేదు. ఆమె అతిథి కాదు; ఆ ఇంటి మనిషియే. అయినను ఆమెకు ఆ ఇల్లు పరదేశము.

ఏకచక్రపురమున గోడ అవతల రోదనము విని లేచిన చెవి కుంతిది. అట్టి చెవి గల ఇంటిలో శోకార్తులు ఊరట వెదకుచు దూరదేశములకు పోవలసిన పని యుండదు. ఒకవేళ పోయినను, తిరిగి వచ్చుటకు వారికొక ఇల్లు ఉండును.