సముద్రమున హింస యున్నదా?

ఎఱ్ఱాప్రగ్గడ తెనిగించిన అరణ్యపర్వశేషమున, మిథిలానగరములో మాంసము విక్రయించి జీవించు ధర్మవ్యాధునికడకు కౌశికుడను బ్రాహ్మణుడు ధర్మము తెలిసికొనగోరి వచ్చును. నాగలి కదలినచో నేలలోని ప్రాణులు చచ్చును, నడచినచో పాదముల క్రింద చచ్చును, నీటను గాలిని గూడ జీవులు నిండియున్నవి, కావున బొత్తిగ హింస చేయనివాడు లోకమున లేడని ఆ వ్యాధుడు బోధించును. ఈ మాట మనకు చాల ఊరట నిచ్చినది. ఎట్లును తప్పనిదానికి బాధ్యత యెక్కడిదని మనస్సు తన్ను తాను సమాధానపఱచుకొనును. ఆ ఊరటకు మనకు హక్కున్నదా యనునదే ప్రశ్న. దానిని తేల్చుకొనుటకు, ఆ వ్యాధుడు చెప్పిన నీటిలోని జీవులనే, నేటి శాస్త్రము చూపినంతవఱకు, పరిశీలించుట మంచిది.

ఆచమనమునకు వాడు ఉద్ధరిణెను సముద్రజలముతో నింపి, అందు ఐదు మిల్లీలీటర్ల నీరు పట్టిన దనుకొందము. ఆ నీటిలో సుమారు 50 లక్షల బాక్టీరియాలును, 5 కోట్ల వైరసులును ఉండును. నార్వేదేశమున బెర్గెన్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 1989లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో సహజజలములను పరీక్షించి, వైరసుల సంఖ్య అంతకు ముందు తలచినదానికంటె వేల రెట్లకు మించియున్నదని ప్రకటించువఱకు, ఈ రెండవ లెక్క శాస్త్రజ్ఞుల తలపునకే రాలేదు. సముద్రపు టడుగుబురదలో నొక ఘనసెంటీమీటరు తీసిచూచినచో వాని సంఖ్య సామాన్యముగ పదికోట్లకు పైబడును. వీనిలో అత్యధికభాగము మనుష్యుని జోలికి వచ్చునవి కావు. బాక్టీరియాలే వాని లక్ష్యము.

వైరసు బాక్టీరియము నంటుకొని, తన జన్యుద్రవ్యమును లోనికి దింపి, ఆ కణపు సామగ్రితోనే తన ప్రతిరూపములను పదులకొలది చేయించుకొని, కొన్ని గంటలలో కణకుడ్యమును బ్రద్దలుచేసి వెలువడును. సూర్యరశ్మితో ఆహారము వండుకొను ప్రొక్లొరొకాకస్ వంటి అతిసూక్ష్మజీవులపై దాడిచేయు కొన్ని వైరసులు, ఆ వంటకు వలయు జన్యువులను గూడ తమవెంట తెచ్చుకొనును; చావు తప్పని కణము చచ్చు క్షణమువఱకు వెలుతురును గ్రహించుచు తన హంతకుని సంతానమునకు శక్తి సమకూర్చుచునే యుండును. సముద్రములోని సూక్ష్మజీవరాశిలో ఇంచుమించు ఐదవవంతు ప్రతిదినము ఇట్లు నశించుచున్నదని కెనడా శాస్త్రజ్ఞుడు కర్టిస్ సటిల్ అంచనా వేసెను. ఇటలీ శాస్త్రజ్ఞుడు రొబెర్టో దనొవారో తన సహచరులతో 2008లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, లోతైన సముద్రపు టడుగుమట్టిలో క్రొత్తగ నేర్పడు బాక్టీరియారాశిలో నూటికి 80 వంతులు వైరసులపాలగును. 1000 మీటర్లకు దిగువ దాదాపు అంతయు వానిపాలే.

ఈ లెక్కలు చదివినవానికి మొదట సముద్రము మహాశ్మశానమువలె దోచును. కాని బ్రద్దలైన కణమునుండి ఇనుము, నత్రజని, భాస్వరము గల ద్రవ్యములు నీట కలియగనే, ప్రక్కనున్న బాక్టీరియాలు వానిని గ్రహించి పెరుగును. ఏ జాతి మిక్కిలి విస్తరించునో, ఆ జాతినే వైరసు సులభముగ పట్టుకొనగలదు గనుక, ఏ యొక్కటియు మిగిలినవానిని త్రోసిపుచ్చి సముద్రము నాక్రమింపజాలదు. భూమిపై జరుగు కిరణజన్యసంయోగములో దాదాపు సగము సముద్రముననే జరుగుచున్నది; మనము పీల్చు ప్రాణవాయువునకు మూలమైన ఆ సూక్ష్మజీవుల పోషణలో ఈ మరణముల కెంతో పాలున్నది.

ఇచట ఆలోచనాపరునికి రెండు ప్రలోభములు కలుగును. మొదటిది, ప్రకృతి క్రూరమైనదని నిశ్చయించి, లోకమంతయు నిట్లే యున్నప్పుడు మనుష్యుడు మాత్రమెందుకు వెనుదీయవలెనని యడుగుట. రెండవది, ఈ మృత్యుపరంపరను మహాయజ్ఞమని కీర్తించి చేతులు జోడించుట. రెండును తొందరపాటే. జైనాచార్యుడగు ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున, ప్రమాదముతో, అనగా ఏమఱుపాటుతోను రాగద్వేషములతోను గూడిన ప్రవృత్తిచే ప్రాణము తీయుటయే హింసయని నిర్వచించెను. ఏమఱుటకు మేలుకొనగల మనస్సొకటి యుండవలెను గదా! కణమునుండి వెలికి వచ్చినప్పుడు ఆహారము గొనక, పెరుగక, జడపదార్థమువలె పడియుండు వైరసునకు ఏమఱుపాటు లేదు, క్రౌర్యము లేదు. యజ్ఞమునకును సంకల్పము చెప్పుకొను యజమాను డుండవలెను. సముద్రమునకు సంకల్పము లేదు. కావున సముద్రమున మృత్యువున్నది గాని హింసయు లేదు, యజ్ఞమును లేదు. ఆ రెండును ఎఱుకగల కర్తతోనే లోకమున ప్రవేశించును.

ధర్మవ్యాధుని మాటను మాత్రము గ్రహించి అతని నడతను విడుచుటవలననే మన యూరట పుట్టినది. అహింసకుడు లోకమున లేడని చెప్పిన యా వ్యాధుడే, తాను స్వయముగ మృగములను చంపననియు, మాంసము తిననియు గూడ కౌశికునితో చెప్పును. తప్పని హింస యున్నదని యెఱిగినవాడు తప్పించుకొనదగినదానిని లెక్కించుకొనవలసిన భారమును మఱింతగ మోయుచున్నాడన్నమాట.

ఈ లెక్క సింగపూరున మా హౌగాంగ్‌లో కన్నులయెదుటనే యున్నది. ఊరి తూర్పున సెరంగూన్ నది సముద్రపు పోటుపాటులతో ఉప్పునీటి కయ్యగ నుండెను. దాని యొడ్డున కాంగ్‌కార్ అను జాలరిపల్లె యుండెడిది. నదీముఖమున కట్ట కట్టి 2011లో దానిని మంచినీటి జలాశయముగ మార్చిరి. ఉప్పు తొలగినచోట ఉప్పునే నమ్ముకొన్న జీవజాలము నిలువజాలదు. కుండపోతగ వానలు కురియుచున్నను నీటిని నిలుపుకొనుటకు చోటు చాలని దీవికి త్రాగునీటికై ఈ పని యవసరమే. అవసరమైనను అది తెలిసి చేసిన పని, దాని బాధ్యత చేసినవారిది, ఆ నీరు త్రాగు మనది.

ఆ జలాశయపు ఆవలి యొడ్డున లోరోంగ్ హలూస్ కలదు. 1970 మొదలు 1999 వఱకు సింగపూరు తన చెత్తను అచ్చట పూడ్చినది. ఆ గుట్టలనుండి ఊరెడి మురుగునీరు జలాశయమున దిగకుండ ఇప్పుడచట రెల్లుమడుగులు పెంచిరి. రెల్లువేళ్ల నంటియున్న బాక్టీరియాలు ఆ నీటిలోని కల్మషమును విడగొట్టుచున్నవి. చైనీయ పంచాంగపు తొమ్మిదవ మాసమున ఎగువ సెరంగూన్ వీథిలోని దౌముగోంగ్ ఆలయపు భక్తులు, నీటిమీదుగ విచ్చేయు నవచక్రవర్తి దేవతలను ఆహ్వానించుటకు జలతీరమునకు పోవుదురు. మనకును నీరు దేవతయే. నీటిని పూజించు జాతులన్నియు గలసి ముప్పదియేండ్లు కూడబెట్టిన చెత్తను నీటిబారినుండి తప్పించు పనిలో, ఏ పూజయు నెఱుగని క్రిములు పాలుగొనుచున్నవి.

సముద్రమునుండి మనము తీసికొనదగిన కొలత యిదియే. అచట చచ్చినదంతయు మఱియొకదానికి బ్రతుకుగ తిరిగివచ్చును. మనము చంపినదియు, వాడి పాఱవైచినదియు తిరిగి యెవరికిని అందకుండ పోవుచున్నది. వంటింటి గోడలోని చెత్తగొట్టపు మూత తెఱచి మనము జారవిడుచు సంచి, కాలి బూడిదయై, సెమకావు దీవిచెంత సముద్రమున కట్టిన గట్లనడుమ చేరుచున్నది. ఆ బూడిదను తిని బ్రతుకు జీవి లేదు. లోకమునుండి పుచ్చుకొని లోకమునకు మరల నీయక అనుభవించువాడు దొంగయని గీత తృతీయాధ్యాయమున తీర్పు చెప్పినది. వైరసు చంపును గాని దొంగిలదు. తప్పనిదెంత, మన సుఖమునకై కల్పించుకొన్నదెంత యని విడదీసి, రెండవదానిని తగ్గించుకొన్నవానికే ధర్మవ్యాధుని మాటను తన పక్షమున చెప్పుకొను నధికారము కలదు.