ఋషి ఋణం తీరే దారి

బ్రాహ్మణుడు పుడుతూనే మూడు ఋణాలతో పుడతాడని తైత్తిరీయ సంహిత చెబుతుంది. దేవఋణం యజ్ఞంతో, పితృఋణం సంతానంతో, ఋషి ఋణం బ్రహ్మచర్యంతో, అంటే గురువు దగ్గర ఉండి చేసే అధ్యయనంతో తీరుతాయి. గురుదక్షిణ చేతిలో పెట్టినంత మాత్రాన ఋషి ఋణం తీరదు. మరి గురువు చెప్పినదాంట్లో కొంత తప్పయితే, చివరికి ఇద్దరికీ మనసు విరిగితే ఆ ఋణం సంగతేమిటి? ఈ ప్రశ్నకు పాట్రిక్ మాన్సన్, రొనాల్డ్ రాస్‌ల కథను మించిన ఉదాహరణ అరుదు.

స్కాట్లాండ్‌లో పుట్టిన మాన్సన్ (1844-1922) చైనాలోని అమాయ్ రేవులో వైద్యుడిగా ఉంటూ 1877లో బోదకాలు పురుగు దోమ ఒంట్లో పెరుగుతుందని చూశాడు. మలేరియాకూ దోమే కారణం కావచ్చన్న ఊహ అక్కడినుంచే వచ్చింది. 1894లో లండన్‌లో, సెలవు మీద వచ్చిన ఇండియన్ మెడికల్ సర్వీస్ డాక్టర్ రాస్‌కు రోగి రక్తంలో మలేరియా పరాన్నజీవిని చూపించింది ఆయనే. రాస్‌కు అప్పటిదాకా అది ఉందన్న నమ్మకమే లేదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిచాయి.

అయితే మాన్సన్ ఊహలో సగమే నిజం. దోమ నీళ్లలో చచ్చిపోతుందని, ఆ నీళ్లు తాగినవారికి జబ్బు వస్తుందని ఆయన అనుకున్నాడు. రాస్ అదీ పరీక్షించాడు, రుజువు దొరకలేదు. 1897 ఆగస్టులో సికింద్రాబాద్ దగ్గర బేగంపేటలో హుసేన్ ఖాన్ అనే రోగిని దోమలచేత కుట్టించి, దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. పంకా వేస్తే మైక్రోస్కోపు కింద కోసిన దోమ గాలికి ఎగిరిపోతుంది కాబట్టి ఉక్కలోనే కూర్చునేవాడు. నుదుటి చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి, దానికి మిగిలిన ఒక్క ఐపీస్ అద్దమూ పగిలింది. 20వ తేదీన మచ్చల రెక్కల దోమ కడుపు గోడలో నల్లని రేణువులున్న కణాలు కనిపించాయి; అవి మలేరియా పరాన్నజీవివే.

చదువు ముగించి వెళ్లే శిష్యుడితో, మాలోని మంచి నడతనే అనుసరించు, తక్కినదాన్ని కాదని తైత్తిరీయోపనిషత్తులో ఆచార్యుడు చెబుతాడు. శిష్యుడికి గురువును జల్లెడపట్టే హక్కును ఇక్కడ గురువే ఇస్తున్నాడు. దాన్ని చదువుకు కూడా వర్తింపజేస్తే, నీళ్ల ఊహను వదిలి దోమను పట్టుకున్న రాస్ గురుద్రోహి కాడు, గురువు మాట నిలబెట్టినవాడే. మాన్సన్ కూడా ఆ మర్యాదకు తగ్గట్టే నడిచాడు. శిష్యుడి ఫలితాలను 1898లో ఎడిన్‌బరో వైద్యసభలో ప్రకటించాడు. 1900లో రోమ్ నుంచి తెప్పించిన దోమలచేత కుట్టించుకునేందుకు వైద్యవిద్యార్థి అయిన ఆయన కన్నకొడుకే ముందుకొచ్చి, లండన్‌లో మలేరియా తెచ్చుకున్నాడు. గురువు శిష్యుడికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఇవ్వలేడు.

1902లో నోబెల్ రాస్ ఒక్కడికే వచ్చింది. ఘనత ఎవరిదన్న పేచీ పెరిగి, చివరికి వ్యవహారం లాయర్ల దాకా వెళ్లింది. 1930లో రాస్ మాన్సన్ గురించి జ్ఞాపకాల పుస్తకం వేశాడు. ఋణం మనిషికి మనిషి చెల్లించేదే అయితే ఇక్కడ లెక్క తేలనట్టే. కానీ అధ్యయనమే చెల్లింపు అయినప్పుడు, బేగంపేటలో గాజుపలక మీద కనిపించిన దానితోనే రాస్ బాకీ తీరింది. తర్వాతి తగాదా దాన్ని చెరపలేదు. కృతజ్ఞత లోపం మాత్రం లోపమే. అది వేరే ఖాతా.

శతపథ బ్రాహ్మణం నాలుగో ఋణం కూడా చెప్పింది: మనుష్య ఋణం. మాన్సన్ పరిశోధనకు తన రక్తం ఇచ్చిన తోటమాలి హిన్ లో, అణాల లెక్కన దోమకాట్లు భరించిన హుసేన్ ఖాన్ ఈ ఖాతాలోకి వస్తారు. ఈ ఋణాన్ని తీర్చేది అన్నం, ఆశ్రయం అంటుంది ఆ గ్రంథం. రోగి విషయంలో అది మందు. భీమవరంలో పుట్టి, హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదివిన ఎల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనశాలను నడిపిన రోజుల్లో, 1947లో, బోదకాలుకు డైఇథైల్ కార్బమజైన్ బయటికొచ్చింది. మాన్సన్‌ను సుబ్బారావు చూడనేలేదు. అయినా బోదకాలు నివారణ కోసం తెలుగు పల్లెల్లో ఇంటింటికీ పంచిన మాత్రల్లో ఉన్నది ఆ మందే.