ఏలిక ఎవరు?

పుట్టినవేళ తూర్పున ఉదయించే రాశికి అధిపతే జాతకానికి ఏలిక అంటారు పడమటి జ్యోతిష్కులు. మన లగ్నాధిపతే అన్నమాట. కాకపోతే వాళ్ళది సాయనం, మనది నిరయనం. తేడా సుమారు 24 డిగ్రీలు. అంచేత అక్కడ వృశ్చిక లగ్నమైన పిల్ల ఇక్కడ చాలాసార్లు తులలో పడుతుంది. కుజుడు పోయి శుక్రుడొస్తాడు! 1930లో ప్లూటో కనబడ్డాక వృశ్చికాన్ని దానికి రాసిచ్చినవాళ్ళూ ఉన్నారు. 2006లో శాస్త్రజ్ఞులు దాన్ని గ్రహాల లెక్కలోంచి తీసేసినా వీళ్ళు గద్దె దించలేదు.

ఏలిక మారితే పిల్ల మారుతుందటండీ? మా ఉదయగిరిలో ఒక సంబంధం తప్పిపోయింది. పిల్ల నచ్చలేదనలేదు, కట్నం చాలలేదనీ అనలేదు. "గ్రహాలు ఒప్పుకోలేదమ్మా" అని కబురంపారు. వద్దన్నది వాళ్ళు, పేరు కుజుడిది. ఆ బిడ్డ తనలోనే ఏదో దోషముందనుకుని నలుగురిలోకి రావడం మానేసింది. వద్దనే హక్కు వాళ్ళకి లేదనను. మాకే ఇష్టం లేదని చెప్పుంటే ఆ పిల్లకి కోపమొచ్చేది, నాలుగు రోజుల్లో పోయేది. దోషమన్న మాట అలా పోలేదు.