వేయని అడుగు

ఉన్నత శిఖరమును అధిరోహించుట శక్తికి పరీక్ష. అధిరోహింపగలిగియు ఆగిపోవుట దేనికి పరీక్ష? హిమాలయములలోని కాంచనగంగ ఈ ప్రశ్నను లోకము ముందుంచినది.

నేపాలు, సిక్కిముల సరిహద్దున 8,586 మీటర్ల యెత్తు గల ఆ పర్వతము ప్రపంచమున మూడవది. సిక్కిం ప్రజలకు అది రక్షకదేవత నివాసము. 1955లో చార్లెస్ ఇవాన్స్ నాయకత్వమున ఒక బ్రిటిషు బృందము నేపాలు వైపునుండి దానిని ఎక్కబూనగా, నాడు ప్రత్యేక రాజ్యముగా నున్న సిక్కిం అభ్యంతరము తెలిపెను. శిఖరాగ్రమును త్రొక్కబోమని ఇవాన్స్ మాట యిచ్చెను. మే 25న జార్జి బ్యాండ్, జో బ్రౌన్ అగ్రమునకు కొద్ది అడుగుల దిగువకు చేరి, ముందు అడ్డేమియు లేకున్నను, అచ్చటనే నిలిచిపోయిరి. మరునాడు చేరిన నార్మన్ హార్డీ, టోనీ స్ట్రీదర్ కూడ అట్లే చేసిరి.

అంతకు రెండేండ్ల పూర్వము, 1953 మే 26న, ఈ ఇవాన్సే టామ్ బోర్డిల్లన్‌తో కలిసి ఎవరెస్టు దక్షిణ శిఖరమును చేరి, అగ్రమునకు సుమారు నూరు మీటర్ల దిగువనుండి వెనుదిరిగెను. నాడు వారికి కాలము చాలలేదు, ప్రాణవాయువు చాలలేదు. ఆ మరలుట వివేకము. కాంచనగంగపై ఆగుటకు మాత్రము ఇచ్చిన మాట తప్ప మరొక కారణము లేదు.

ఇందుకొక ఆక్షేపణ కలదు. కీర్తినంతయు పొంది నాలుగడుగులు విడుచుట ఏపాటి త్యాగము? దేవత నివాసము చివరి అడుగుననే మొదలగునా? ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. ఆ ఒడంబడికలో ఆరోహకుల కోరికయే హెచ్చుపాలు తీరెను. అయినను, విడిచినది స్వల్పమగుటచేతనే దానిని తీసికొనుటయు సులభము. అచ్చట చూచువారు లేరు. మంచుపై పాదముద్రను గాలియే చెరిపివేయును. ఆ దేవతను వారు నమ్మిరా అన్న ప్రశ్నయు అనవసరము. తన విశ్వాసమును గౌరవించుట ఎవరికైనను సాధ్యమే. పరుల విశ్వాసమును, తాను పంచుకొనకయే, మన్నించుట కష్టము.

భూటాను 1994లో 6,000 మీటర్లు మించిన శిఖరముల ఆరోహణమును, 2003లో పర్వతారోహణమునే నిషేధించెను. చట్టము అందరిని పర్వతపాదముననే ఆపును; మాట ఇచ్చినవానిని మాత్రమే ఆపును. పర్వతమును కాపాడుటకు చట్టమే మేలు. మనుష్యుని తెలిసికొనుటకు ఆ కొద్ది అడుగులు చాలును.