కోట ఎటు చూస్తోంది?

మారిషస్‌కి చుట్టాలెవరొచ్చినా నేను మొదట తీసుకెళ్ళేది పోర్ట్ లూయిస్ కోటకే. ఊరి మధ్యలో ఓ గుట్ట, దాని మీద నల్లరాతి కోట. అసలు పేరు ఫోర్ట్ అడిలైడ్, అందరూ పిలిచేది సిటడెల్ అని. గోడ దగ్గర నిలబడితే ఒకవైపు రేవు, ఇంకోవైపు గుర్రప్పందేల మైదానం, చుట్టూ ఊరు. ఫోటోలు బాగా వస్తాయి. "శత్రువుల నౌకల నుంచి రేవుని కాపాడడానికి ఇంగ్లీషువాళ్ళు కట్టారు" అని ఓ వాక్యం అప్పజెప్పి, కింద బజార్లో దాల్ పూరీ తినిపించి ఇంటికి తీసుకొచ్చేసేవాణ్ణి.

ఓసారి మా ఇంటి ఓనరు గారు కూడా వచ్చారు. డెబ్భై దాటిన మనిషి. వాళ్ళ ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి చెరకు తోటల పనికి వచ్చినవాడు. కోరంగి రేవు పేరు మీద ఇక్కడ మనవాళ్ళని కొరింగీలనేవారు. ఆయనకి తెలుగు రామభజనలోనూ ఉగాది పూజలోనూ వస్తుంది, మాటల్లో రాదు. మేం ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటాం. నా గైడు వాక్యం విని నవ్వి, "రేవు అక్కడుంది కదా, కోట ఊరి నెత్తిన ఎందుకు కట్టారంటావు?" అన్నారు.

ఎత్తు మీద నుంచైతే గుండు దూరం వెళ్తుందని జవాబు చెప్పాను. అది తప్పేం కాదు. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. పుస్తకాలు తిరగేశాను.

ఈ రేవుని రేవుగా తీర్చిదిద్దింది 1735లో గవర్నరుగా వచ్చిన ఫ్రెంచివాడు లబూర్దొన్నే. 1746లో మన మద్రాసుని పట్టుకున్నదీ ఆయనే. ఫ్రెంచివాళ్ళు రేవు చుట్టూ ఫిరంగులు పెట్టుకుని కూర్చున్నారు. 1810 నవంబరు చివర్లో ఇంగ్లీషువాళ్ళు ఆ ఫిరంగుల ముందుకి రానే లేదు. దీవికి ఉత్తరాన దిగి, నేల మీద నడుచుకుంటూ ఊరివైపు వచ్చారు. ఆ దండులో మద్రాసు సిపాయిలూ ఉన్నారు. డిసెంబరు 3న ఫ్రెంచి గవర్నరు లొంగిపోయాడు. ఒప్పందం ప్రకారం ఫ్రెంచి తోటల యజమానులకి వాళ్ళ ఆస్తులు, చట్టాలు, ఆచారాలు వాళ్ళకే ఉండిపోయాయి. జెండా ఒక్కటే మారింది.

అసలు కథ ఆ తర్వాతది. ఆస్తులంటే బానిసలు కూడా. లండన్ బానిసత్వం రద్దు చేస్తానన్నప్పుడు ఇక్కడి యజమానులు అగ్గి మీద గుగ్గిలమయ్యారు. బానిసత్వానికి వ్యతిరేకి అయిన జాన్ జెరెమీ అనే న్యాయాధికారి 1832లో దిగితే ఊరంతా దుకాణాలు మూసేసి, కొన్ని వారాల్లోనే ఆయన్ని వెనక్కి పంపించారు. ఆయుధాలు కూడా పోగేసుకున్నారు. మరుసటి ఏడు ఆయన మళ్ళీ వచ్చాడు, ఈసారి వెనక సైన్యంతో. 1834లో ఈ కోట పని మొదలైంది. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. కోట పూర్తయ్యేసరికి 1840. ఫ్రెంచి నౌకలొస్తాయేమోనన్న భయం ఎంత ఉందో, ఊళ్ళోవాళ్ళు తిరగబడతారేమోనన్న భయమూ అంత ఉందని చరిత్రకారులు చెబుతారు. అంటే మా ఓనరు గారి అనుమానం నిజమే. కోట సముద్రాన్నీ చూస్తోంది, ఊరినీ చూస్తోంది.

ఇది చదివినప్పుడు నాకు సంతోషమే వేసింది, దాచుకోను. బానిసల యజమానుల నెత్తిన ఫిరంగి పెట్టడం కన్నా న్యాయం ఏముంటుంది? సామ్రాజ్యం తన భయంతోనే కట్టినా, ఫలితం మంచిదే కదా. నా సంతోషం ఎక్కువ పేజీలు నిలవలేదు. లండన్ రెండు కోట్ల పౌన్ల నష్టపరిహారం ఇచ్చింది, యజమానులకి. అందులో ఇరవై లక్షల పౌన్లకి పైగా ఈ చిన్న దీవికే వచ్చాయి. బానిసలకి ఒక్క పెన్నీ లేదు. కోట మొదలైన 1834లోనే, నవంబరు 2న, ‘అట్లాస్’ అనే ఓడ కలకత్తా నుంచి ముప్ఫై ఆరుగురు కూలీల్ని దింపింది. తర్వాత దాదాపు నాలుగు లక్షల అరవై వేలమంది వచ్చారు, మనవాళ్ళతో సహా. వాళ్ళు మెట్లెక్కి వచ్చిన అప్రవాసీ ఘాట్ ఈ కోట కిందే, రేవు ఒడ్డునే ఉంది.

వాళ్ళ కోసం ఫిరంగి అక్కర్లేకపోయింది. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవారు. 1867 చట్టంతో, ఒప్పందం తీరిపోయిన పాత కూలీలు కూడా ఫోటో అంటించిన పాసు జేబులో పెట్టుకు తిరగాల్సి వచ్చింది. దారిలో పోలీసు అడిగితే చూపించాలి. లేకపోతే దేశదిమ్మరి కింద జమకట్టి లోపల వెయ్యొచ్చు.

ఆ పాసు గురించి చదువుతుంటే నాకు మా ఆఫీసు గుర్తొచ్చింది. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను, లేకపోతే చరిత్ర రాయడానికి నేనెవర్ని.

కొన్నేళ్ళ క్రితం ఓ క్లయింటుకి సెక్యూరిటీ వ్యవస్థ పెట్టాను. బయటి దొంగలు కస్టమర్ల డేటా ఎత్తుకుపోకుండా కాపలా. ఎవరు ఏ ఫైలు తెరిచారు, ఏ కంప్యూటరు ఎంతసేపు ఊరికే ఉంది, అన్నీ లాగ్‌లో పడతాయి. లోపలివాళ్ళ మీద కూడా నిఘా పెట్టాలా అన్న చోట టిక్కు పెట్టింది నేనే. దొంగ లోపలివాడి పాస్‌వర్డుతోనే వస్తాడు కాబట్టి సాంకేతికంగా అది సరైన పని. ఆరు నెలల తర్వాత హెచ్చార్ నుంచి ఓ మెయిలు: ఎవరెవరు రోజుకి ఎన్ని నిమిషాలు సీట్లో లేరో లిస్టు కావాలి. పది నిమిషాల పని. క్వెరీ రాసి పంపించాను. ముగ్గురికి కాంట్రాక్టు పొడిగించలేదు. అందులో ఓ అమ్మాయి బయటికెళ్ళేది ఆసుపత్రిలో ఉన్న తల్లితో ఫోన్లో మాట్లాడడానికని తర్వాత క్యాంటీన్లో తెలిసింది.

కత్తి ఏం చేస్తుంది, పట్టుకున్నవాడిది తప్పు అని మా వృత్తిలో అందరం అనుకుంటాం. నేనూ చాలాకాలం అలాగే సర్దిచెప్పుకున్నాను. రాయి పేర్చిన మేస్త్రీని ఫిరంగి ఎవరి మీద పేలిందని అడుగుతామా? అడగం. కానీ ఆ గుట్ట ఎంచుకున్న ఇంజనీరు ఉంటాడు కదా. అక్కణ్ణుంచి ఏమేం కనబడతాయో అతనికి తెలుసు. టిక్కు పెట్టినప్పుడు నాకూ తెలుసు. పైగా నేను ఇంజనీరు దగ్గరే ఆగలేదు, గురి చూసి పెట్టింది కూడా నేనే. ఆ మెయిలుకి "దేనికోసం?" అని రెండు మాటలు రాసి ఉండొచ్చు. రాయలేదు. కాంట్రాక్టు పొడిగింపు కోసం నేనూ ఎదురుచూస్తున్న రోజులవి.

ఇదంతా ఓ సాయంత్రం మా ఓనరు గారికి చెప్పాను, పాసు చట్టంతో ముడిపెట్టి, కాస్త ఆవేశంగానే. ఆయన విని, లోపలికి రమ్మన్నారు. పూజగదిలో సింహాద్రి అప్పన్న పటం పక్కన ఫ్రేము కట్టిన చిన్న ఫోటో ఉంది. తలపాగా, గుంటకళ్ళు, కెమెరాకి భయపడ్డ ముఖం. వాళ్ళ ముత్తాత. కూలీల రికార్డులు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. అక్కడ వెతికించి కాపీ తెచ్చుకున్నారట.

"పారిపోతే పట్టుకోవడానికి తీసిందే ఇది," అన్నారాయన. "ఇది లేకపోతే ఆయన ముఖం మాకెవరికీ తెలీదు."

నాకు ఏమనాలో తోచలేదు. ఆ లాగ్‌లు తొంభై రోజులు దాటాక చెరిపేసేలా మార్చమని క్లయింటుకి రాసిన మెయిలు అప్పటికి నా డ్రాఫ్టుల్లో వారం రోజులుగా ఉంది. ఆ రాత్రే పంపించాను. ముగ్గురి పేర్లున్న ఆ లిస్టు మాత్రం నా దగ్గర ఇంకా ఉంది. ఎందుకు చెరపలేదని మా ఆవిడ అడిగింది. ఆమెకీ సరైన జవాబు చెప్పలేదు.

ఆయన వేలితో కుంకుమ తీసి, ఫోటో అద్దం మీద పాతబడ్డ బొట్టు పక్కకి జరిగితే సరిచేశారు.